నవ్వుల పుస్తకానికి ‘కరవు’ ట్యాగ్!

మా అనంతపురంలో ఓ రిటైర్డ్ తెలుగు మాస్టారు కదిరి వీధుల మీద సరదా కథలు రాసి ఈ-బుక్‌గా వేయించుకున్నారు. నెలలు గడిచినా కొన్నవాళ్లు లేరు. ‘ఏమైందో చూడబ్బీ’ అంటే ఫైల్ తెరిచా. రచయిత పేరుండాల్సిన చోట ‘అడ్మిన్’. భాష: ఇంగ్లిష్. విభాగం: కరవు సాహిత్యం!

‘నవ్వుకుంటారని రాసింటి గదబ్బీ, ఏడుపు కథలని ఎవురు చెప్పినారు వాళ్లకు?’ అన్నారు సార్.

ఎవరూ చెప్పలేదు. అనంతపురం అని కనబడగానే అలవాటుగా వేసేశారు. వానలు పడని ఊళ్లో జోకులు కూడా పేలవా ఏంటి?

పుస్తకం గురించిన ఇలాంటి వివరాలే మెటాడేటా. ఈపబ్ ఫైల్ నిజానికి ఓ జిప్ మూట. లోపల ఓపీఎఫ్ అనే చిన్న ఫైల్‌లో టైటిల్, క్రియేటర్, లాంగ్వేజ్, సబ్జెక్ట్, డిస్క్రిప్షన్ ఉంటాయి. ఇవన్నీ ‘డబ్లిన్ కోర్’ ప్రమాణంలోని పేర్లు. 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డబ్లిన్‌లో జరిగిన వర్క్‌షాప్‌లో పుట్టింది. (ఐర్లాండ్ డబ్లిన్ అని నేనూ చాన్నాళ్లు అనుకున్నా.) తెలుగుకు ‘టీఈ’ అనే రెండక్షరాల కోడ్ ఇవ్వాలి. ‘ఈఎన్’ అని వదిలేస్తే, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఇంగ్లిష్ గొంతుతో తడబడుతుంది.

సబ్జెక్ట్ ఎంత ముఖ్యమో తెలియాలంటే చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గణపతి’నే తీసుకోండి. ఆయన 1946లో పోయారు. మన చట్టంలోని 60 ఏళ్ల గడువు ముగిసి, 2007 నుంచి ఆ నవలను ఎవరైనా ఈ-బుక్ చేసుకోవచ్చు. చేసి, సబ్జెక్ట్ ఖాళీగా ఉంచితే? కడుపుబ్బ నవ్వించే నవల కాస్తా వినాయక వ్రతకల్పాల పక్కన చేరుతుంది. ‘నవల, హాస్యం, పల్లె జీవితం’ అని మూడు ముక్కలు రాస్తే చాలు. ఇంకో తిరకాసుంది. ‘సాక్షి’ వ్యాసాల పానుగంటి వారూ లక్ష్మీనరసింహారావే, ఆయనా హాస్యానికి పేరున్నవారే! అందుకే ఇంటిపేరుతో పాటు 1867-1946 అని కూడా చేర్చడం మేలు.

సార్ పుస్తకాన్ని క్యాలిబర్‌లో పెట్టి సరిచేశా. ఉచిత సాఫ్ట్‌వేరే. అయితే అందులో మార్చినవి ముందు దాని సొంత డేటాబేస్‌లోకే వెళ్తాయి. ‘ఎంబెడ్ మెటాడేటా’ నొక్కితే ఫైల్‌లోకి ఎక్కుతాయి. ఇది తెలియక ఒక సాయంత్రం పోగొట్టుకున్నా. అమ్మే సైట్‌లోని వివరాలు వేరే, అక్కడా విడిగా మార్చుకోవాలి. డిస్క్రిప్షన్ మాత్రం మొత్తం మళ్లీ టైప్ చేయాల్సొచ్చింది. పాత అను ఫాంట్లలో ఉన్నదాన్ని యూనికోడ్‌లోకి మార్చకుండా కాపీ కొట్టారు, అంతా పిచ్చిగీతలు.

తెలుగు బాగా వచ్చి, కాస్త ఎక్స్‌ఎంఎల్ తెలిసినవాళ్లు పబ్లిషర్లకు, లైబ్రరీలకు అవసరం. రెజ్యూమెలో చూపించుకోడానికి తెలుగు వికీసోర్స్‌లో పుస్తకాల సూచిక పేజీలు నింపి చూడండి. పైసా ఖర్చుండదు.

చివర్లో ఊరి దగ్గర ఆగిపోయాం. 2022 ఏప్రిల్ నుంచి కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. సార్ ఒప్పుకోలేదు. ‘నేను రాసినప్పుడు అది అనంతపురం జిల్లానే గదా!’ ఆఖరికి ట్యాగుల్లో రెండు జిల్లాలూ పెట్టాం. కరవు మాత్రం తీసేశాం.