కొత్త వంతెన - పాత వంతెన

పారిస్ నగరపు ప్రాచీన భాగమును కాలినడకనే చూడవలెను. అచట సేన్ నదిపై ‘పొన్ నెఫ్’ కలదు. ఆ మాటకు కొత్త వంతెన యని అర్థము. నేడు నగరమున నిలిచిన వంతెనలలో మిక్కిలి పాతది మాత్రము అదే! 1578లో పునాదిరాయి పడి, 1607లో పూర్తియైనది. మునుపటి వంతెనలపై ఇండ్లు బారులు తీరి నదిని కనబడనీయకుండెడివి. దీనిపై ఇండ్లు కట్టనీయక, నడచువారికై ఇరువైపుల ఎత్తైన కాలిబాటలు వేసిరి.

పదునేడవ శతాబ్దిలో గోలకొండ రాజ్యమునకు వచ్చిన తావెర్నియే అను ఫ్రెంచి రత్నాల వర్తకుడు, మూసీపైనున్న రాతివంతెన అందమున దీనికి ఇంచుమించు సాటియని వ్రాసెను. అదియే మన పురానాపూల్. ఇబ్రహీం కుతుబ్ షా కాలమున అది వెలసినదియు 1578లోనే! 1908 వరదకు దెబ్బతిన్నను, మరమ్మతులతో నిలిచినది. నల్లకుంట విద్యార్థులకు పారిస్ వంతెన బొమ్మలలో పరిచితమే. కాచిగూడ, కోఠీల మీదుగా పురానాపూల్‌కు నడక రెండు కోసులకు కొంచెమే ఎక్కువ.