ఉప్పు వేసి చేతులు దులుపుకుంటే కుదరదు!

అమెరికాలో పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఉన్న మనవాళ్ళ ఇళ్ళకు భోజనానికి వెళ్తే ఈమధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది. ‘‘మాది సాల్ట్ వాటర్ పూల్ అండీ, క్లోరిన్ గొడవ లేదు’’ అని. ఆ మాటలో మొదటి సగం నిజమే. రెండో సగం కాదు. ఉప్పునీళ్ళ పూల్‌లో కూడా క్రిముల్ని చంపేది క్లోరినే. కాకపోతే దాన్ని షాపు నుంచి డబ్బాల్లో మోసుకురానక్కర్లేదు. పంప్ పక్కన పెట్టిన చిన్న మెషీన్ ఎప్పటికప్పుడు తయారుచేస్తుంది. దాన్నే సాల్ట్ క్లోరిన్ జనరేటర్ అంటారు.

డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే మా అక్కావాళ్ళింట్లో ఆ మెషీన్‌ని బావగారూ నేనూ కలిసి బిగించాం. నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పైపులు కోయడం నా వృత్తి కాదు. అయినా రెండు శనివారాల్లో పని అయిపోయింది. ఇందులో మనం చేసుకోగలిగింది చాలా ఉంది. మనం ముట్టుకోకూడనిది కూడా ఒకటుంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

బిళ్ళలతో వచ్చిన చిక్కు

అంతకుముందు వాళ్ళు వాడింది క్లోరిన్ బిళ్ళలు. అరచేతిలో పట్టేంత తెల్లటి బిళ్ళలు, మెల్లగా కరుగుతాయి. క్లోరిన్‌తోపాటు అవి సైనూరిక్ యాసిడ్ అనే ఇంకో పదార్థాన్ని కూడా నీళ్ళలో వదులుతాయి. ఎండకు క్లోరిన్ విరిగిపోకుండా కాపాడేది అదే. కొంచెం ఉంటే మంచిదే. కానీ క్లోరిన్ ఖర్చయిపోయినా అది మాత్రం నీళ్ళలోనే పేరుకుంటుంది. మోతాదు మించితే క్లోరిన్‌ని సరిగ్గా పనిచేయనివ్వదు. మేం పరీక్షిస్తే 110 పీపీఎం వచ్చింది. సగం నీళ్ళు తీసేసి కొత్తవి నింపాల్సి వచ్చింది.

అక్క బెంగ వేరు. ‘‘గరాజ్‌లో ఒక అరలో బిళ్ళలు, ఇంకో అరలో యాసిడ్. వీడి చెయ్యి ఎప్పుడు దేనిమీద పడుతుందోనని నాకు నిద్ర పట్టట్లేదురా’’ అంది. మా మేనల్లుడికి నాలుగేళ్ళు. బెంగ న్యాయమైనదే. రకరకాల క్లోరిన్ మందులు ఒకదానితో ఒకటి కలిస్తే నిప్పంటుకోవచ్చు. క్లోరిన్‌కి యాసిడ్ తగిలితే విషవాయువు వస్తుంది.

ఒక పూల్ కంపెనీని అడిగితే బిగించడానికి మెషీన్‌తో కలిపి 2,600 డాలర్లు చెప్పారు. బావగారు నావైపు చూశారు. నేను మెషీన్ మాన్యువల్ వెతకడం మొదలుపెట్టాను.

ఇంటర్ కెమిస్ట్రీయే ఇది

ఎంసెట్ కోసం బట్టీపట్టిన విద్యుద్విశ్లేషణ గుర్తుందా? ఉప్పునీళ్ళలోంచి కరెంటు పంపితే ఒకవైపు క్లోరిన్, ఇంకోవైపు హైడ్రోజన్ వస్తాయి, నీళ్ళలో సోడియం హైడ్రాక్సైడ్ మిగులుతుంది. ఈ మెషీన్‌లో జరిగేది అదే. ‘సెల్’ అనే గొట్టంలో రుథేనియంలాంటి లోహాల పూత వేసిన టైటానియం రేకులు వరసగా ఉంటాయి. వాటి మధ్యనుంచి నీళ్ళు పారుతుంటే క్లోరిన్ పుట్టి అక్కడే కరిగిపోతుంది. క్రిముల్ని చంపాక, ఎండకు విరిగాక మళ్ళీ క్లోరైడ్‌గా, అంటే ఉప్పులో భాగంగా మారిపోతుంది. అందుకే ఉప్పు పెద్దగా ఖర్చవదు. పిల్లలు చిమ్మినప్పుడు, ఫిల్టర్ కడిగినప్పుడు, వానకి పూల్ పొంగినప్పుడు పోయినంతే పోతుంది.

మరి నీళ్ళు సముద్రంలా ఉప్పగా ఉంటాయా? ఉండవు. సముద్రంలో ఉప్పు సుమారు 35,000 పీపీఎం. మా మెషీన్ అడిగేది 3,200. అంటే లీటరు నీళ్ళకు అర టీస్పూన్ ఉప్పు. మన పప్పుచారు ఇంతకంటే ఉప్పగా ఉంటుంది.

డబ్బా మీద అంకెను నమ్మొద్దు

ముందు పూల్‌లో ఎన్ని నీళ్ళు పడతాయో తెలియాలి. అక్కావాళ్ళ పూల్ 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, సగటు లోతు నాలుగున్నర అడుగులు. మూడూ గుణిస్తే 2,025 ఘనపుటడుగులు. ఒక్కో ఘనపుటడుగుకి సుమారు ఏడున్నర గ్యాలన్లు. మొత్తం 15 వేల గ్యాలన్లు, అంటే దాదాపు 57 వేల లీటర్లు.

షాపులో ‘20 వేల గ్యాలన్ల వరకు’ అని రాసిన చిన్న మెషీన్ ఉంది. సరిపోతుందనిపిస్తుంది కదా? లెక్క వేసి చూడండి. అది రోజుకి ఇచ్చే క్లోరిన్ 0.7 పౌండ్లు, అంటే దాదాపు 318 గ్రాములు. అదీ 24 గంటలూ నడిస్తేనే. ఇళ్ళలో పంప్ నడిచేది ఏ ఎనిమిది గంటలో. అంటే 106 గ్రాములు. మా పూల్‌లో అది 2 పీపీఎం కూడా అవదు. టెక్సస్ ఎండాకాలంలో రోజుకి 2 నుంచి 4 పీపీఎం క్లోరిన్ ఖర్చయిపోతుంది. అందుకే ‘40 వేల గ్యాలన్ల’ మెషీన్ తీసుకున్నాం. అది రోజుకి 1.47 పౌండ్లు ఇస్తుంది. ఎనిమిది గంటలకు 222 గ్రాములు, దాదాపు 4 పీపీఎం. మన పూల్ సైజుకి రెట్టింపు సామర్థ్యం ఉన్నది కొనడమే మేలు. తక్కువ శాతంలో నడిపితే సెల్ కూడా ఎక్కువ కాలం వస్తుంది.

పైపుల పని

నీళ్ళ దారి ఇలా ఉండాలి: ముందు పంప్, తర్వాత ఫిల్టర్, హీటర్ ఉంటే హీటర్, అన్నిటికంటే చివర సెల్. సెల్ దాటాక నీళ్ళు నేరుగా పూల్‌లోకి వెళ్ళిపోవాలి. సెల్‌లోంచి వచ్చే నీళ్ళలో క్లోరిన్ చిక్కగా ఉంటుంది. అది హీటర్‌లోకి వెళ్తే లోపలి లోహాన్ని తినేస్తుంది.

సెల్‌తోపాటు ఫ్లో స్విచ్ అని ఒకటుంటుంది. నీళ్ళు పారుతున్నాయా లేదా అని కనిపెట్టేది ఇదే. దీనికి ముందు కనీసం అడుగు పొడవు తిన్నని పైపు ఉండాలి, దాని మీది బాణం గుర్తు నీళ్ళు పారేవైపు చూడాలి. ఇది చిన్న విషయం కాదు. నీళ్ళు ఆగిపోయినా సెల్ నడుస్తూనే ఉంటే హైడ్రోజన్ పైపులో పోగవుతుంది. హైడ్రోజన్ పేలే వాయువు.

మేం పంప్ బ్రేకర్ ఆపేసి, వాల్వులు మూసి, ముక్కలన్నీ జిగురు లేకుండా ఒకసారి అమర్చి చూసుకున్నాం. మార్కర్‌తో గీతలు పెట్టుకున్నాం. తర్వాతే రెండించుల పీవీసీ పైపు కోశాం. కోసిన అంచులు నునుపు చేసి, ముందు ప్రైమర్, తర్వాత పీవీసీ సిమెంటు రాసి, దూర్చి, పావు వంతు తిప్పి, కాసేపు అలాగే పట్టుకోవాలి. సెల్‌ని మాత్రం జిగురుతో అతికించకూడదు. అది మరలున్న యూనియన్ల మీద ఉంటుంది, క్లీనింగ్‌కి విప్పాలి కదా. వాటిని చేత్తో బిగిస్తే చాలు. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున్న పంప్ వేశాం. ఎక్కడా చుక్క కారలేదు.

కరెంటు పని మాత్రం మనది కాదు

మొదట్లో ముట్టుకోకూడనిది ఒకటుందన్నాను, అది ఇదే. కంట్రోల్ బాక్స్‌కి 240 వోల్ట్‌ల లైను ఇవ్వాలి. పంప్ టైమర్ తర్వాతి వైపునుంచి ఇవ్వాలి. అప్పుడు పంప్ ఆగితే మెషీన్‌కి కరెంటే అందదు. ఫ్లో స్విచ్ ఒక కాపలా అయితే ఇది రెండో కాపలా. దీనికి లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం.

ఆయన టైమర్ కంటే ముందు పంప్ వెనక్కి వంగి చూశారు. ‘‘ఈ వైరు ఎందుకు వేలాడుతోంది?’’ అని అడిగారు. మట్టిలోంచి వచ్చిన లావుపాటి రాగి తీగ ఒకటి దేనికీ తగలకుండా ఉంది. పంప్‌కి ఉన్న రాగి బిగింపు ఖాళీగా ఉంది. రెండేళ్ళ క్రితం పంప్ మార్చిన మనిషి ఆ తీగని మళ్ళీ తగిలించకుండా వెళ్ళిపోయాడు.

దాన్ని బాండింగ్ వైరు అంటారు. ఎర్త్ వైరు వేరు, ఇది వేరు. పంప్, నిచ్చెన, లైటు, కాంక్రీటులోని ఇనుప చువ్వలు, అన్నిటినీ కలిపి కట్టే తీగ ఇది. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్‌లో 680వ ఆర్టికల్ దీన్ని తప్పనిసరి చేసింది. 8 గేజ్ గట్టి రాగి తీగ ఉండాలి. కరెంటు తీగ మీద వాలిన పిట్టకి ఏమీ కాదు, ఎందుకంటే దాని రెండు కాళ్ళ మధ్య వోల్టేజీ తేడా ఉండదు. బాండింగ్ చేసేదీ అదే. ఎక్కడైనా కరెంటు లీకైనా చుట్టూ ఉన్న లోహమంతా ఒకే వోల్టేజీలో ఉంటుంది. తడి ఒంటి పిల్లాడు నిచ్చెన పట్టుకున్నా వాడి ఒంట్లోంచి కరెంటు పారదు. ఆ తీగ తెగితే ఆ భరోసా పోయినట్టే.

‘‘రెండేళ్ళుగా పిల్లలు ఇందులోనే ఆడుతున్నారు’’ అని అక్క అక్కడే కూలబడింది. అదృష్టం కొద్దీ ఏ లీకేజీ లేదు. ఎలక్ట్రీషియన్ తీగ బిగించి, కంట్రోల్ బాక్స్‌ని కూడా దానికే కలిపి, మీటరు పెట్టి చూపించారు. మొత్తం పనిలో ఆయనకిచ్చిన 350 డాలర్లే అన్నిటికంటే విలువైనవి. మీకు పూల్ ఉంటే, ఏ మెషీన్ పెట్టినా పెట్టకపోయినా, ఈ ఒక్క తీగని ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఈదుతుంటే నీళ్ళలో ఎక్కడైనా చిన్న జిలలాంటిది అనిపిస్తే, లోహపు నిచ్చెన ముట్టకుండా బయటికొచ్చి మెయిన్ ఆపేయండి. నీళ్ళలో ఎవరైనా చిక్కుకుంటే వెంటనే దూకకండి, ముందు కరెంటు ఆపాలి.

ఎనిమిది బస్తాలు

కొత్త నీళ్ళు నింపాక పరీక్షిస్తే ఉప్పు అప్పటికే 600 పీపీఎం ఉంది. ఇంతకాలం వాడిన క్లోరిన్ మిగిల్చిందే అది. ఇంకా కావాల్సింది 2,600. మా 57 వేల లీటర్లకు సుమారు 148 కిలోలు. 40 పౌండ్ల బస్తాలు ఎనిమిది తెచ్చాం. కాస్త తక్కువైతే తర్వాత కలపొచ్చు, ఎక్కువైతే నీళ్ళు తీసేయడం తప్ప దారి లేదు. గుంటూరు నుంచి వచ్చిన అమ్మ బస్తాలు చూసి ‘‘ఇంత ఉప్పుతో ఊరంతటికీ ఆవకాయ పెట్టొచ్చు కదరా’’ అంది. నిజానికి వంట ఉప్పు దీనికి పనికిరాదు. అయొడిన్, గడ్డకట్టకుండా కలిపే మందులు ఉండని, 99 శాతానికి పైగా స్వచ్ఛమైన ఉప్పు కావాలి.

మెషీన్ ఆపి, పంప్ మాత్రం నడుపుతూ, అంచుల వెంబడి చల్లి బ్రష్‌తో కలిపాం. పూర్తిగా కరగడానికి ఒక రోజు వదిలేశాం. ఆ తర్వాతే మెషీన్ ఆన్. మొదటిరోజు కావాల్సిన క్లోరిన్‌ని మాత్రం ద్రవరూపంలో విడిగా పోశాం. తగ్గిన మోతాదుని మెల్లగా భర్తీ చేయడం మెషీన్ పని, ఒక్కరోజులో పెంచడం దానివల్ల కాదు.

తర్వాత చేయాల్సింది

మెషీన్ ఉందికదా అని నీళ్ళు పరీక్షించడం మానకూడదు. బావగారు ప్రతి ఆదివారం చూస్తారు. అమెరికా ఆరోగ్యసంస్థ సీడీసీ చెప్పేది పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలని, సైనూరిక్ యాసిడ్ వాడే పూల్‌లో క్లోరిన్ 2 పీపీఎంకి తగ్గకూడదని. ఉప్పు మెషీన్‌తో పీహెచ్ పెరుగుతూ పోతుంది. హైడ్రోజన్ బుడగలు నీళ్ళలోని కార్బన్ డయాక్సైడ్‌ని తరిమేస్తాయి కాబట్టి. కనుక యాసిడ్ అవసరం పోదు. గరాజ్‌లోంచి బిళ్ళలు వెళ్ళిపోయాయి కానీ యాసిడ్ ఉంది, ఇప్పుడు తాళం వేసిన పెట్టెలో, పైన.

మూడు నెలలకోసారి సెల్ విప్పి చూడాలి. రేకుల మీద తెల్లటి పొర కనిపిస్తేనే, నాలుగు వంతుల నీళ్ళలో ఒక వంతు యాసిడ్ కలిపి కడగాలి. యాసిడ్‌ని నీళ్ళలో పోయాలి, నీళ్ళని యాసిడ్‌లో ఎప్పుడూ పోయొద్దు. బోరు నీళ్ళు గట్టిగా ఉండే హైదరాబాద్ విల్లాల్లో ఈ పొర త్వరగా కడుతుంది, మరింత తరచుగా చూసుకోవాలి. పూల్ అంచున సున్నపురాయి పలకలుంటే ఉప్పు వాటిని తినొచ్చు. సీలర్ వేయించి, చిమ్మిన నీళ్ళని మంచినీళ్ళతో కడుగుతుండాలి.

ఇక ఖర్చు. మెషీన్, పైపులు, ఉప్పు, ఎలక్ట్రీషియన్ కలిపి మాకు సుమారు 1,750 డాలర్లయింది. కంపెనీ చెప్పినదానికంటే 850 తక్కువ. కానీ సొంతంగా బిగిస్తే కొన్ని కంపెనీలు వారంటీ తగ్గిస్తాయి, కొనేముందే చదవండి. సెల్ కొన్నేళ్ళకు అరిగిపోతుంది, కొత్తదానికి మళ్ళీ కొన్ని వందల డాలర్లు. డబ్బు మిగులుతుందని మాత్రమే పెడితే పెద్దగా లాభం ఉండదు.

మరి లాభం ఎక్కడ? క్లోరిన్ ఒకరోజు ఎక్కువ, ఒకరోజు సున్నా కాకుండా రోజూ ఒకేలా అందుతుంది. పూల్ దగ్గర ఘాటుగా వచ్చే వాసన క్లోరిన్ ఎక్కువై వచ్చేది కాదు. చెమట, మూత్రంతో కలిసిన క్లోరిన్ వాసన అది, కళ్ళు మండేది కూడా ఎక్కువగా దానివల్లే. క్లోరిన్ నిలకడగా అందితే అది తగ్గుతుంది. మా మేనకోడలు ఇప్పుడు గంటసేపు ఈదినా కళ్ళు నలుపుకోవట్లేదు. ఈదడానికి ముందు స్నానం చేసి రావాలన్న రూలు మాత్రం అక్క ఎత్తేయలేదు. గేటుకి తాళం, పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ ఒక పెద్దవాళ్ళు ఒడ్డున ఉండడం, ఇవీ అలాగే ఉన్నాయి. ఆ రెండు పనులూ చేసే మెషీన్ ఇంకా ఎవరూ తయారుచేయలేదు.