ఐదు గొంతులు, ఒక ప్రొడ్యూసర్: సైకెడెలిక్ సోల్ కథ

పాటలో ధిక్కారం వుందా లేదా తేల్చటానికి మాటలొక్కటే చూస్తే చాలదు. ఎవరు కట్టారు, ఎవరు పాడారు, ఎవరు ఆపారు అన్నది కూడా చూడాలి. అమెరికా నల్లజాతి సంగీతంలో సైకెడెలిక్ సోల్ పుట్టిన తీరు చూస్తే యీ సంగతి బాగా తెలుస్తుంది.

సోల్ అంటే చర్చి పాటల్లోంచి, బ్లూస్‌లోంచి వచ్చిన నల్లవాళ్ల పాట. డెట్రాయిట్‌లో బెర్రీ గోర్డీ అనే నల్లజాతీయుడు 1959లో పెట్టిన మోటౌన్ కంపెనీ దాన్ని నునుపు చేసి తెల్లవాళ్ల యిళ్లకు కూడా అమ్మింది. మూడు నిమిషాల ప్రేమపాటలు, ఒకేరకం సూట్లు, లెక్క తప్పని అడుగులు. ఐదుగురు గాయకుల టెంప్టేషన్స్ బృందం అందులో ముందు వరస. బయట సంగతి వేరు. 1967 జులైలో అదే డెట్రాయిట్ తగలబడింది. 43 మంది చనిపోయారు. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపారు. యింకా ప్రేమపాటలేనా?

1968లో 'క్లౌడ్ నైన్'తో ప్రొడ్యూసర్ నార్మన్ విట్‌ఫీల్డ్, పాటల రచయిత బారెట్ స్ట్రాంగ్ దారి మార్చారు. స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్ బృందం అప్పటికే తొక్కిన బాట అది. అంతకుముందు ఒకరు పాడితే మిగతావాళ్లు వంత. యిప్పుడు ఐదుగురూ ముక్కముక్కగా అందుకున్నారు. డెన్నిస్ ఎడ్వర్డ్స్ బొంగురు గొంతు, ఎడ్డీ కెండ్రిక్స్ సన్నగొంతు, మెల్విన్ ఫ్రాంక్లిన్ లోతుగొంతు కలిసి వీధి మాట్లాడినట్టుంటుంది. గిటారుకు కాలితో తొక్కే వా-వా పెడల్ తగిలించి, రాక్ బృందాల మత్తు ధ్వనిని పేదరికపు పాటలోకి తెచ్చారు. మోటౌన్‌కు మొదటి గ్రామీ ఆ పాటే తెచ్చింది.

అయితే హద్దు గీసింది కంపెనీయే. 1970లో యీ బృందమే పాడిన యుద్ధవ్యతిరేక గీతం 'వార్'ను విడి రికార్డుగా వెయ్యలేదు. టెంప్టేషన్స్‌ను కొనే తెల్ల శ్రోతలు దూరమవుతారని భయం. చివరికి ఎడ్విన్ స్టార్ చేత పాడిస్తే అది దేశంలో మొదటి స్థానానికెక్కింది. యజమాని నల్లవాడే, మార్కెట్టే తెల్లది. మనవాడు యజమానైతే చాలదని యిక్కడ అర్థమవుతుంది.

విట్‌ఫీల్డ్ ధోరణిలోనూ చిక్కుంది. 1972 నాటి 'పాపా వాజ్ ఎ రోలింగ్ స్టోన్' ఆల్బంలో దాదాపు 12 నిమిషాలు. గొంతు వినపడేసరికి దగ్గర దగ్గర నాలుగు నిమిషాలవుతుంది. బేస్, తాళం, తీగవాద్యాలే ఆ యింటి దిగులు చెప్తాయి. పాట గొప్పదే, మూడు గ్రామీలొచ్చాయి. కానీ వాయిద్యాల కింద తమ గొంతులు నలిగిపోతున్నాయని గాయకులు గొణిగారు. వాయించిన ఫంక్ బ్రదర్స్ పరిస్థితి యింకా అన్యాయం. ఏళ్ల తరబడి మోటౌన్ అట్టలమీద వాళ్ల పేర్లే లేవు.

అదే 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టారు. ఆ పేరు అమెరికా బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నదే. పేరుతో పాటు యీ పాఠం కూడా తీసుకోవాలని మేమంటున్నాం. మన కళాబృందాల కేసెట్లమీద, సీడీలమీద డప్పు కొట్టినవాడి పేరుందా? ఏ పాట బయటికి రావాలో తేల్చేటప్పుడు పాడిన మనిషిని అడిగామా?