మీకు తెలుసా? మారిషస్‌లో ఉగాదికి సెలవు!

హిందూ మహాసముద్రంలోని ద్వీప దేశం మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి వెళ్లినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు మరి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్లను అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే. కూలీలు అడుగుపెట్టిన ఆప్రవాసీ ఘాట్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఉంది. దానికి 2006లో యునెస్కో వారసత్వ హోదా దక్కింది.

తిండి సంగతంటారా, వీధి బండ్ల దగ్గర ధోల్ పూరీ తినాల్సిందే. ఉడికించిన పప్పు పొడిని కూరి కాల్చిన పల్చటి రొట్టె. తీపి లేని బొబ్బట్టు అనుకోండి! బీన్స్ కూర, టమాటా, మిరపకాయ పచ్చడి పెట్టి రెండేసి చొప్పున ఇస్తారు.

డోడో పక్షి ఈ దీవిలో తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు. 17వ శతాబ్దంలోనే అంతరించింది. మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగకూ ఆ గతే పట్టేది. 1974 నాటికి అడవిలో నాలుగంటే నాలుగే మిగిలాయి! సంరక్షకులు గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లల్ని పెంచి వదలడంతో సంఖ్య మళ్లీ వందల్లోకి చేరింది. వెళ్తే బీచ్‌తో సరిపెట్టుకోకండి, ఈ డేగలుండే బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ వనానికీ ఒక రోజు కేటాయించండి.