పక్క సీటు మనిషికి తెలిసిన సంగతులు

2021 సెప్టెంబరు 11, శనివారానికి ఇరవయ్యేళ్ళు నిండాయి. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో, పెంటగాన్‌లో, పెన్సిల్వేనియా పొలాల్లో కలిపి 2,977 మంది ప్రాణాలు పోయాయి. ఒక్క న్యూయార్క్ నగరంలోనే 2,753 మంది. 90కి పైగా దేశాల వాళ్ళు. ఏటా ఈ రోజున టీవీలో గంటలు మోగడం, పేర్లు చదవడం చూస్తూనే ఉంటాం. ఆ 2,753 మందిలో ఒకరు నాతో కలిసి పనిచేసినవాడు. గుంటూరు జిల్లావాడు. నాకంటే మూడేళ్ళు పెద్ద. ఇంట్లోవాళ్ళు పేరు పత్రికకు ఎక్కడం ఇష్టపడరు కాబట్టి రాయడం లేదు. నన్ను ‘తమ్ముడూ’ అనేవాడు. కోబాల్ నేర్పినందుకు నేను ‘గురూగారూ’ అనేవాణ్ణి. అది మొదట్లో వేళాకోళానికి మొదలైన పిలుపే.

ఎలా పోయాడన్నది ప్రపంచమంతా చూసింది. ఎలా పనిచేసేవాడు, ఎక్కడ కూర్చునేవాడు, ఏం మాట్లాడేవాడు అన్నవి మాత్రం పక్కన కూర్చున్నవాళ్ళకే తెలుసు. ఆ తెలిసినవాటికి ఎంత విలువ ఉందో ఆ తర్వాతి నెలల్లో నాకు అర్థమైంది. విదేశాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన కుటుంబాలకు అదే చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఒక స్టేషను తేడా

నేను 1998లో ఎంఎస్ చదవడానికి వచ్చి, 2000లో ఒక చిన్న కన్సల్టింగ్ కంపెనీలో చేరాను. అతను వైటుకే పనుల రోజుల్లో హెచ్-1బీ మీద వచ్చినవాడు. ఇద్దరం ఒక బీమా కంపెనీ ప్రాజెక్టులో పడ్డాం. మెయిన్‌ఫ్రేమ్‌లో ఉన్న పాత క్లెయిముల డేటాను కొత్త సిస్టమ్‌లోకి మార్చే పని. నాకు జావా వచ్చు, కోబాల్ రాదు. అతనికి కోబాల్ కొట్టిన పిండి. పది నెలలు పక్కపక్క సీట్లలో కూర్చున్నాం.

2001 ఎండాకాలంలో టీమును రెండు ముక్కలు చేశారు. నా భాగం జెర్సీ సిటీలో, హడ్సన్ నది ఒడ్డునున్న ఆఫీసుకి వచ్చింది. అతని భాగం అవతలి ఒడ్డున, వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర టవర్‌లో తొంభై దాటిన అంతస్తుల్లో ఉండిపోయింది. ఇళ్ళు మాత్రం గ్రోవ్ స్ట్రీట్ దగ్గరే, పక్క పక్క బిల్డింగుల్లో. పొద్దున్నే ఒకే పాత్ రైలు ఎక్కేవాళ్ళం. నేను ఎక్స్ఛేంజ్ ప్లేస్‌లో దిగేవాణ్ణి. అతను ఇంకో స్టేషను, అంటే నది కిందుగా వెళ్ళి వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో దిగేవాడు.

ఆ మంగళవారం కూడా అంతే. ఎనిమిదింటికి ముందే నేను దిగాను. దిగబోయే ముందు అతను మాట్లాడింది కుక్కర్ గ్యాస్కెట్ గురించి. ఇంట్లో కుక్కర్ ఆవిరి కారుతోందట. శనివారం ఎడిసన్‌లోని ఓక్ ట్రీ రోడ్డుకి వెళ్దాం, కారు నువ్వు తీయి అన్నాడు. సరే అన్నాను.

8 గంటల 46 నిమిషాలకు మొదటి విమానం ఉత్తర టవర్‌ను 93, 99 అంతస్తుల మధ్య ఢీకొంది. మెట్ల దారులు మూడూ తెగిపోయాయి. 92వ అంతస్తు, ఆ పైన ఉన్నవాళ్ళలో ఒక్కరూ దిగి రాలేకపోయారు. 9 గంటల 3 నిమిషాలకు రెండో విమానం దక్షిణ టవర్‌ను కొట్టింది. 9.59కి ఆ టవర్, 10.28కి ఉత్తర టవర్ కూలిపోయాయి. మేం ఇవతలి ఒడ్డు నుంచి చూశాం. దాని గురించి ఇంతకంటే రాయను.

తొలి విమానం కొట్టినప్పుడు మన దగ్గర సాయంత్రం 6 గంటల 16 నిమిషాలు. ఇళ్ళల్లో దీపాలు పెట్టే వేళ. తెనాలి దగ్గర ఒక పల్లెలో వాళ్ళమ్మ ఎవరో చెబితే టీవీ ఉన్న ఇంటికి పరుగెత్తింది. కొడుకు ‘న్యూయార్క్‌లో పెద్ద బిల్డింగు’లో పనిచేస్తాడని తప్ప బిల్డింగు పేరు ఆమెకు తెలియదు.

ఏ జాబితాలోనూ లేని మనిషి

మన కన్సల్టెంట్ల బతుకు తెలిసిందే. జీతమిచ్చేది ఒకరు, కూర్చునేది ఇంకొకరి ఆఫీసులో. క్లయింటు దగ్గరున్నది సొంత ఉద్యోగుల జాబితా. మా కంపెనీ దగ్గరున్నది ఎవరు ఏ క్లయింటుకి పనిచేస్తున్నారన్న లెక్కే కానీ, ఆ రోజు ఎవరు ఏ అంతస్తులో ఉన్నారన్నది కాదు. తప్పిపోయినవాళ్ళ జాబితాలో అతని పేరు చేర్పించడానికే మాకు మూడు రోజులు పట్టింది.

అతని భార్య ఇండియా నుంచి వచ్చి అప్పటికి ఏడు నెలలు. హెచ్-4 మీద ఉంది. ఇక్కడ ఆమెకు అయినవాళ్ళంటే మేమే. విమానాలు రెండు రోజులు పూర్తిగా ఆగిపోయాయి కాబట్టి ఇండియా నుంచి ఎవరూ రాలేని పరిస్థితి. బాధితుల కుటుంబాల కోసం నగరం పియర్ 94 దగ్గర సహాయ కేంద్రం తెరిచింది. అక్కడికి ఆమెతో పాటు నేనూ, ఇంకో ఇద్దరు సహోద్యోగులూ వెళ్ళాం. డీఎన్ఏ పరీక్ష కోసం అతని టూత్ బ్రష్షు, దువ్వెన, రేజరు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి తీసుకెళ్ళాం.

ఆ వారాల్లో ఇంకో భయం కూడా తోడైంది. సెప్టెంబరు 15న అరిజోనాలోని మెసాలో బల్బీర్ సింగ్ సోఢీ అనే పెట్రోలు బంకు యజమానిని, ఆయన తలపాగా చూసి కాల్చి చంపారు. మనిషి పోయిన ఇంటికి పరామర్శకు వెళ్ళేటప్పుడు కూడా ఒంటరిగా వెళ్ళొద్దు, చీకటి పడకముందే తిరిగి రండి అని చెప్పుకునేవాళ్ళం.

శరీరం దొరకని మనిషికి మరణ ధ్రువపత్రం కావాలంటే, ఆ రోజు అతను అక్కడే ఉన్నాడని ఎవరైనా ప్రమాణపూర్వకంగా రాసివ్వాలి. ఆ అఫిడవిట్లలో ఒకటి నాది. ఏ స్టేషనులో రైలెక్కాం, ఏ పెట్టెలో నిలబడ్డాం, నేను ఎక్కడ దిగాను, అతను సాధారణంగా ఎన్నింటికి సీట్లో కూర్చుంటాడు, ఆ రోజు ఏ రంగు చొక్కా వేసుకున్నాడు, అన్నీ రాశాను. అతని గురించి నేను మొదటిసారి కలం పట్టింది అప్పుడే. అందులో స్నేహం గురించి ఒక్క మాట కూడా లేదు. కానీ ఆ కాగితం కదిలితేనే బ్యాంకు, బీమా, వీసా అన్నీ కదిలాయి.

అప్పటి చట్టం ప్రకారం హెచ్-1బీ ఉద్యోగి పోతే, అతని మీద ఆధారపడిన హెచ్-4 కూడా ముగిసినట్టే. అక్టోబరు 26న వచ్చిన పేట్రియాట్ చట్టంలో, సెప్టెంబరు 11 బాధితుల భార్యలూ భర్తలూ పిల్లలూ కనీసం ఏడాదిపాటు ఉండటానికి వీలు కల్పించారు. తర్వాత వచ్చిన బాధితుల పరిహార నిధి కూడా పౌరసత్వంతో సంబంధం లేకుండా వర్తించింది. ఆమె తన దారి తాను చూసుకుంది. ఆమె గురించి అంతవరకే చెప్పడం మర్యాద.

అమ్మ అడిగిన ప్రశ్నలు

కాలింగ్ కార్డు మీద వాళ్ళింటికి నేను తరచూ ఫోన్ చేసేవాణ్ణి. వాళ్ళ నాన్నగారు దుగ్గిరాల పసుపు యార్డులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయన ‘బాగున్నావా నాయనా’ అని ఫోను ఆమెకు ఇచ్చేసేవారు. ఆమె దాడి గురించి ఒక్కసారి కూడా అడగలేదు.

‘‘బాబూ, వాడి కుర్చీ కిటికీ పక్కనా?’’ అని అడిగింది.

‘‘కాదమ్మా. మధ్యలో, ప్రింటరు పక్కన. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు. కింద నదిలో పడవలు చూస్తూ తినేవాడు.’’

‘‘ఒక్కడేనా?’’

‘‘లేదమ్మా. టీమ్ లీడ్ ఒకావిడ ఉండేది. మీవాడి డబ్బాలో పులిహోర ఉంటే ముందే వాసన పట్టేది. ఆవిడకు సగం ఇచ్చేవాడు.’’

అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత ‘‘ఆవిడ ఎట్లా ఉంది?’’ అని అడిగింది. ఆవిడా రాలేదమ్మా అని చెప్పాను.

చివరగా ఏం మాట్లాడాడని అడిగితే కుక్కర్ గ్యాస్కెట్ సంగతి చెప్పాను. ఆమె నవ్వింది. ‘‘ఇక్కణ్ణించి రెండు పంపిస్తానంటే వద్దన్నాడు, అక్కడ దొరుకుతాయిలే అన్నాడు’’ అని, ఆ తర్వాత ఏడ్చింది.

కొడుకు రోజుకు తొమ్మిది గంటలు గడిపిన చోటు ఆమె ఎన్నడూ చూడలేదు. ఆదివారం ఫోన్లలో అతను చెప్పింది ‘బాగానే ఉంది, పని ఎక్కువ’ అన్న రెండు ముక్కలే. మనందరం ఇళ్ళకు చెప్పేది అదే కదా. మిగతాదంతా మా దగ్గర ఉండిపోయింది. అందుకే గుర్తొచ్చినవన్నీ ఆమెకు చెప్పేవాణ్ణి. అతని చివరి చెక్-ఇన్ సోమవారం సాయంత్రం చేసిందని, ఫిబ్రవరి 29న మొదలైన పాలసీలను విడిగా చూడాలని తర్వాత వచ్చేవాళ్ళ కోసం ప్రోగ్రాములో నాలుగు లైన్ల కామెంటు రాసి పెట్టాడని చెప్పాను. ఆ ప్రోగ్రాము ఇంకో ఏడేళ్ళు నడిచింది. ఆమెకు పాలసీలు అర్థం కాలేదు. ‘‘వెనకాల వచ్చేవాళ్ళ కోసమా?’’ అని మాత్రం అడిగింది.

ఆ అక్టోబరులో కుటుంబాలకు ఆ స్థలంలోని మట్టిని చిన్న పాత్రల్లో ఇచ్చారు. అది ఊరికి చేరింది. పురోహితుడు దర్భలతో రూపం చేయించి సంస్కారం జరిపించారు. మట్టిని కృష్ణలో కలిపారు. ఆ సెప్టెంబరు 11 భాద్రపద బహుళ పక్షంలో, అంటే మహాలయ పక్షంలో వచ్చింది. అందుకని ఆ ఇంట్లో అతనికి ఏటా రెండు రోజులు. ఒకటి ప్రపంచానిది, ఇంకొకటి తిథి ప్రకారం వాళ్ళది. 2021లో ఆ తిథి సెప్టెంబరు నెలాఖరులో వచ్చింది.

పేర్ల పక్కన పేర్లు

టవర్లు ఉన్న చోట 2011 సెప్టెంబరులో స్మారకం తెరిచారు. ఒక్కొక్కటి దాదాపు ఎకరం ఉన్న రెండు కొలనులు. వాటి గట్ల మీద కంచు పలకల్లో, 1993 బాంబు దాడిలో పోయిన ఆరుగురితో కలిపి, 2,983 పేర్లు. అవి అక్షర క్రమంలో లేవు. రూపశిల్పి మైకేల్ అరాడ్ ఆలోచన ప్రకారం, ఎవరి పేరు ఎవరి పక్కన ఉండాలో చెప్పమని కుటుంబాలనే అడిగారు. దాదాపు 1,200 విన్నపాలు వచ్చాయి. కలిసి పనిచేసినవాళ్ళు, స్నేహితులు, బంధువులు పక్కపక్కన వచ్చేలా కంప్యూటర్ ప్రోగ్రాము సాయంతో అమర్చారు. అన్ని షరతులు ఒకేసారి తీరేలా వేల పేర్లు సర్దడం ఎంత కష్టమో మన వృత్తివాళ్ళకు చెప్పక్కర్లేదు.

2012లో అమ్మ వచ్చింది. అప్పటికి నాన్నగారు లేరు. ఉత్తర కొలను దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమెకు ఇంగ్లిషు చదవడం రాదు. కొడుకు పేరు మీద ఆమె వేలు పట్టుకుని అక్షరం అక్షరం దిద్దించాను. తర్వాత ఆమె ‘‘ఈ పక్కనెవరు?’’ అంది.

‘‘పులిహోర ఆవిడ, అమ్మా.’’

‘‘ఈ పక్కన?’’

‘‘ప్రింటరుకి అవతల కూర్చునేవాడు. చెస్ ఆడేవాళ్ళు ఇద్దరూ.’’

ఆమె చేసంచిలోంచి తెచ్చిన బంతిపూలు కొడుకు పేరు మీద పెట్టింది. ఆ ఇద్దరి పేర్ల మీదా చెరొకటి పెట్టింది.

మర్నాడు డీఎన్ఏ కోసం నమూనా ఇచ్చింది. న్యూయార్క్‌లో పోయిన 2,753 మందిలో 2021 సెప్టెంబరు నాటికి 1,106 మంది అవశేషాలు గుర్తించలేదు. పని మాత్రం ఆగలేదు. 2021 సెప్టెంబరులో మరో ఇద్దరిని గుర్తించినట్టు నగర మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయం ప్రకటించింది. అప్పటికి మొత్తం 1,647 మంది అయ్యారు. ఆ వార్త చెబుదామని ఫోన్ చేస్తే, ‘‘మనవాడు కాదుగా?’’ అంది. కాదమ్మా అన్నాను. ‘‘వాళ్ళ అమ్మలన్నా చల్లబడతార్లే’’ అంది.

మనం చేయగలిగినవి

మీరెవరైనా న్యూయార్క్ వస్తే స్మారకానికి వెళ్ళండి. మ్యూజియంకే టికెట్టు, కొలనుల దగ్గరికి ఉచితం. పేర్లు వెతికే తెరలు అక్కడే ఉంటాయి. కొన్ని పేర్ల మీద తెల్ల గులాబీ కనబడుతుంది. అంటే ఆ రోజు వాళ్ళ పుట్టినరోజు.

ఈ లోపు చేయవలసినవి రెండున్నాయి. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు మీ ఆఫీసు బిల్డింగు పేరు, పక్కన కూర్చునే ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు రాయించండి. ఇంటి నుంచి పనిచేసే ఈ రోజుల్లో కూడా టీములో ఎవరో ఒకరు ఉంటారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ‘పని ఎక్కువ’ అనడంతో ఆపకుండా ఆ మనుషుల గురించి చెప్పండి.

రెండోది, సహోద్యోగి ఎవరైనా పోతే, పువ్వులు పంపి, కార్డు మీద సంతకం చేసి ఊరుకోకండి. కోవిడ్ రోజుల్లో ఎన్ని ఇళ్ళకు మనం వెళ్ళలేకపోయామో అందరికీ తెలుసు. ఆ మనిషి మీటింగులో ఏం జోకు వేసేవాడో, ఎవరికి పని నేర్పాడో, మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని తినేవాడో ఒక కాగితం మీద రాసి వాళ్ళ ఇంటికి పంపండి. భాష బాగుండక్కర్లేదు. ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియని సంగతులు అవి. ఆలస్యమైందని మానేయకండి. ఇన్నేళ్ళయినా ఆ అమ్మ నన్ను ఇంకా కొత్త ప్రశ్న ఒకటి అడుగుతూనే ఉంటుంది.

(రచయిత న్యూజెర్సీలో స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు)