ఫోటోలను ఇంటికి తెచ్చుకొందాము

పూర్వము మన ఇండ్లలో పెండ్లి ఫోటోలు ట్రంకు పెట్టెలో పట్టు చీరల మధ్య ఉండేవి. పిల్లలు పుట్టిన తేదీలు, పెద్దలు కన్నుమూసిన దినములు కుటుంబ బైబిలు మొదటి పుటలలో వ్రాసి ఉంచేవారు. నేడు సెల్‌ఫోనుతో తీసిన ఫోటోలు ఇంటర్నెట్ ద్వారా దూరమున ఉన్న ఏదో సంస్థవారి కంప్యూటర్లకు చేరుచున్నవి. ఒక్కొక్క ఇంటివారికి వేలకొలది ఫోటోలున్నవి. కాని వాటి ప్రక్కన ఒక్క మాటైనా వ్రాసి ఉంచినవారు అరుదు.

ఎందుకు తెచ్చుకోవాలి?

ఆ చోటు మన సొంతము కాదు. యజమాని ఎప్పుడైనా షరతులు మార్చవచ్చును. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడినది. పికాసా ఆల్బములు 2016లో ఆగిపోయినవి. 2004లో మొదలైన ఫ్లికర్‌ను 2018లో స్మగ్‌మగ్ అను సంస్థ కొనినది. ఉచితముగా 1,000 ఫోటోలు మాత్రమే ఉంచుదుమని, మించినవి తొలగింతుమని ఆ యేడే ప్రకటించినది. గూగుల్ ఫోటోస్‌లో హద్దు లేని ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ముగిసినది. రెండేండ్లు వాడని ఖాతాలను తొలగించవచ్చునని గూగుల్ 2023లో నియమము పెట్టినది. గల్ఫ్‌లో ఉన్నప్పుడు తెరచిన ఖాతాను తిరిగి వచ్చాక మరచిపోయినవారు ఇది గమనించాలి.

ఎలా తెచ్చుకోవాలి?

1. గూగుల్‌లో ‘టేకౌట్’ అను సదుపాయమున్నది. కోరినచో ఫోటోలన్నియు జిప్ కట్టలుగా ఇచ్చును. ఇందుకు గంటలు, ఒక్కొక్కప్పుడు రోజులు పట్టును. ఫోటోలతోపాటు ‘జేసన్’ అను చిన్న ఫైళ్లు వచ్చును. తేదీ, స్థలము, మీరు వ్రాసిన వివరము వాటిలో ఉండును గనుక, పనికిరానివని చెరిపివేయకండి.

2. కెమెరాతో తీసిన ఫోటోలో ‘ఎగ్జిఫ్’ అను కనబడని చీటీ ఉండును. తీసిన తేదీ, గంట, కొన్నిటిలో స్థలము కూడ అందులో ఉండును. ‘ఎగ్జిఫ్‌టూల్’ అను ఉచిత ప్రోగ్రాము ఈ చీటీలను చదివి, వేల ఫోటోలను సంవత్సరము, నెల వారీగా సర్దగలదు. ఒక్కసారి ఆజ్ఞ ఇచ్చిన చాలును, మిగిలిన పని కంప్యూటరే చేసికొనును. దీనినే ఆటోమేషన్ అందురు.

3. తరువాత వాటిని డిజిటల్ దినచర్యలో చేర్చాలి. ఇందుకు ‘డే వన్’ వంటి యాప్‌లున్నవి. అవి వద్దనుకొన్నవారు దినమునకొక ఫోల్డరు చేసి, అందులో ఫోటోలను, ఒక మామూలు టెక్స్ట్ ఫైలును ఉంచవచ్చును. అట్టి ఫైలు ఏ కంప్యూటరులోనైనా తెరచుకొనును. కంప్యూటరు నేర్చిన పిల్లలు చిన్న ప్రోగ్రాము వ్రాసి ఈ పుటలన్నియు ఒక్క పూటలో తయారు చేయగలరు.

ముందు పది ఫోటోలపై పరీక్షించండి. పని ముగిసిన తరువాత లెక్క సరిచూడండి. లెక్క కుదిరే వరకు పాత ఖాతాలో దేనినీ తీసివేయకండి.

యంత్రము పొరబడు చోట్లు

వాట్సాప్‌లో సాధారణముగా పంపిన ఫోటోకు తేదీ చీటీ ఊడిపోవును. అయితే ఆండ్రాయిడ్ ఫోనులో ఫైలు పేరునుబట్టి కొంత తెలియును. పేరులో 20190412 అని ఉన్నచో 2019 ఏప్రిల్ 12 అని అర్థము. అది ఫోటో మీ ఫోనుకు చేరిన దినము కావచ్చును, తీసినది అంతకు ముందే కావచ్చును. పాత ఫోటోలను స్కాన్ చేసినప్పుడు స్కాన్ చేసిన తేదీయే పడును. 1962 నాటి పెండ్లి 2020లో జరిగినట్లు కనబడును. ఇటువంటివి చేతితో సరిదిద్దాలి. కచ్చితముగా తెలియనిచో “సుమారు 1975” అని వ్రాయండి.

పేర్లు చెప్పవలసినది పెద్దలే

ఒకే ముఖమున్న ఫోటోలన్నిటిని యంత్రము ఒకచోట చేర్చగలదు. ఆ ముఖము ఎవరిదో, మనకు ఏమగునో అది ఎరుగదు. “చివర నిలబడినామె ఎవరు నాయనమ్మా?” అని అడిగితే, “మీ తాతయ్య మేనత్తరా. కరువు యేట వీధి పిల్లలందరికీ జావ కాచి పోసింది” అని ఆమె చెప్పగలదు. ఆ మాట ఏ కంప్యూటరులోను దొరకదు. నాయనమ్మ తరువాత చెప్పేవారు ఇంటిలో మిగలకపోవచ్చును.

కనుక పాత ఫోటోలతో, వయసు మళ్లినవారితో మొదలు పెట్టండి. వారమునకు ఇరవై ఫోటోలు చాలును. వారు చెప్పినది చెప్పినట్లే, వారి మాటలలోనే వ్రాయండి. పూర్తియైన దినచర్యను రెండు హార్డ్ డిస్కులలో ఎక్కించి, ఒకటి మీ ఇంట, మరొకటి వేరే ఊరిలోని అన్నదమ్ముల ఇంట ఉంచండి. రానున్న సెలవులలో పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు వారి చేత కంప్యూటరు పని చేయించండి. కళ్ళజోడు పెట్టించి అవ్వను, తాతను వారి ప్రక్కన కూర్చుండబెట్టండి.