వ్యాయామము - మెదడులో నూతన నాడీకణములు

పరీక్షలు సమీపించగానే "ఆటలు చాలించి పుస్తకము పట్టు" అని పెద్దలు మందలించడం మన ఇళ్ళలో పరిపాటి. ఆ మందలింపునకు శాస్త్రము సైతము చాలాకాలము పరోక్షముగా వత్తాసు పలికినది. 1906లో నోబెల్ బహుమానము పొందిన స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞుడు రమోన్ ఇ కహాల్ మొదలుకొని పెక్కుమంది, వయోజనుల మెదడులో నాడీకణములు నశించడమే గాని మరల పుట్టడమన్నది లేదని విశ్వసించారు.

ఈ విశ్వాసమును మొదట కదిలించినవాడు జోసెఫ్ ఆల్ట్‌మన్. విభజన చెందే కణము తన కేంద్రకములో థైమిడిన్ అనే పదార్థమును చేర్చుకొంటుంది. రేడియోధార్మికత గల థైమిడిన్‌ను పెరిగిన ఎలుకలకు ఎక్కించి, గోపాల్ దాస్‌తో కలిసి 1965లో ఆయన వాటి మెదడులో కొత్త కణములను గుర్తించాడు. ఆ పరిశోధనను లోకము దాదాపు పాతికేళ్ళు పట్టించుకోలేదు. శాస్త్రజ్ఞులకు కూడా పాత నమ్మకమును విడవడం కష్టమే కాబోలు!

1999లో కాలిఫోర్నియాలోని సాక్ సంస్థలో వాన్ ప్రాగ్, కెంపర్మన్, గేజ్ అనే శాస్త్రజ్ఞులు చిట్టెలుకల బోనులలో తిరుగుడు చక్రములను అమర్చారు. ఎవరూ బలవంతపెట్టకుండానే చిట్టెలుకలు రాత్రులందు వాటిపై పరుగులు తీశాయి. జ్ఞాపకశక్తికి నిలయమైన హిప్పోకాంపస్ అనే భాగములో వాటికి నిలిచిన కొత్త కణములు, చక్రము లేని వాటికంటె సుమారు రెండింతలు! నీటితొట్టెలో మునిగియున్న తిన్నెను వెదకి పట్టుకొనే పరీక్షలోను పరుగెత్తినవే ముందున్నాయి.

ఇది జరిగే విధానము చిత్రమైనది. పరుగు వలన మెదడునకు రక్తప్రసారము హెచ్చుతుంది. నాడీకణములను పోషించే బి.డి.ఎన్.ఎఫ్. అనే మాంసకృత్తు హిప్పోకాంపస్‌లో అధికమవుతుంది. అయినను పుట్టిన కణములలో అనేకము కొన్ని వారములలోనే నశిస్తాయి. క్రొత్త విషయములను నేర్చుకొనే జంతువులలో ఎక్కువ కణములు బ్రతికి బట్టకడతాయి. కనుక ఆటకు, చదువుకు వైరము కల్పించనవసరము లేదు.

మరి మానవుని సంగతి? స్వీడన్ దేశములో మరణించిన క్యాన్సరు రోగుల మెదళ్ళలో కొత్త నాడీకణములను కనుగొన్నట్లు 1998లో ప్రకటించారు. 2018లో శాన్ ఫ్రాన్సిస్కో పరిశోధకులు పెద్దవారిలో అట్టివి తమకు కనబడలేదన్నారు. వివాదము నేటికీ పూర్తిగా సమసిపోలేదు. 2011లో ప్రచురితమైన మరొక పరిశోధనలో 120 మంది వృద్ధులు పాల్గొన్నారు. వారిలో ఒక సంవత్సరము పాటు వారమునకు మూడు రోజులు, రోజుకు నలుబది నిమిషముల వరకు నడిచినవారి హిప్పోకాంపస్ సుమారు 2 శాతము పెరిగినది; కేవలము ఒళ్ళు సాగదీసే కసరత్తులు చేసినవారికి అది తరిగినది. అయితే ఆ పెరుగుదలలో కొత్త కణముల వాటా యెంతో, రక్తనాళముల వాటా యెంతో స్కానింగు చెప్పజాలదు.